పని ఉడిగిన దినమున ఇల్లు ఎక్కడ?

చేతులలో బలమున్నంత కాలము ఇంటిని గూర్చిన చింత అంతగా తోచదు. మలేషియా తోటలలో లైను ఇల్లు పనితో వచ్చును, పనితోనే పోవును. యజమానులు కూలివారికిచ్చు ఇండ్లకు కనీస ప్రమాణములుండవలెనని 1990వ సంవత్సరపు చట్టము విధించినది. అది మేలైన చట్టమే. అయినను ఆ ఇల్లు పనికి కట్టుబడినది. నడుము వంగిన తాతయు, కాలు చెడిన తండ్రియు తోటను విడుచు దినమున ఎక్కడ తల దాచుకొందురు? ఈ ప్రశ్నకు పొరుగున నున్న సింగపూరు వెదకికొనిన మార్గము తెలిసికొనదగినది.

అచ్చట 1960వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన గృహనిర్మాణ బోర్డు ఏర్పడెను. ఆ దినములలో అనేక కుటుంబములు ఆకుకప్పుల గుడిసెలలో క్రిక్కిరిసి యుండెను. 1961 మే 25వ తేదీన బుకిట్ హో స్వీ అను పేట అగ్నికి ఆహుతి కాగా దాదాపు 16,000 మంది నిలువ నీడ లేనివారైరి. బోర్డువారు ఆ స్థలముననే అంతస్తుల భవనములు కట్టించిరి. మొదటి అయిదేండ్లలో వారు కట్టిన ఇండ్లు 50,000కు మించెను. నేడు ఆ దేశ నివాసులలో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది బోర్డు ఇండ్లలోనే కాపురముండుచున్నారు.

కట్టుట ఒక యెత్తు, కట్టినదానిని నడుపుట మరియొక యెత్తు. 1964 మొదలు ఇండ్లను అమ్మసాగిరి. 1968 మొదలు జీతములో నుండి కూడబెట్టిన భవిష్యనిధి సొమ్మును ఆ వెలకు చెల్లించుటకు అనుమతించిరి. ఇల్లు 99 ఏండ్ల కౌలు మీద లభించును. కొనలేని బీద పౌరులకు ఒకటి రెండు గదుల అద్దె ఇండ్లు కలవు. వాని అద్దెను కుటుంబపు రాబడిని బట్టి నిర్ణయింతురు. తోడులేని ఒంటరివారు ఇద్దరు కలిసి ఒక ఇంటిని పంచుకొనవచ్చును.

ముసలివారి కష్టము మాత్రము ఆలస్యముగా తెలిసివచ్చెను. పాత భవనములలో లిఫ్టు కొన్ని అంతస్తుల యొద్దనే నిలిచెడిది. యౌవనమున మెట్లెక్కినవారు ముసలితనమున ఇంటిలోనే చిక్కుకొనిరి. చక్రముల కుర్చీలోనివారి పాట్లు చెప్పనక్కర లేదు. కావున 2001లో ప్రతి అంతస్తున లిఫ్టు నిలుచునట్లు మార్చు పని ఆరంభించిరి. ఖర్చులో అధిక భాగము ప్రభుత్వమే భరించెను. అయినను భవనములోని పౌర కుటుంబములలో నూటికి 75 ఒప్పుకొనవలెనను నియమముండెను. పొరుగువాని మోకాటి నొప్పి తమదిగా ఎంచినవారుండుట చేతనే ఆ పని సాగెను. లిఫ్టు అమర్చ వీలుకాని భవనములలో నడువలేనివారు వేరొక ఇల్లు కొనుటకై 2020లో 30,000 డాలర్ల వరకు సహాయ ధనము ప్రకటించిరి.

ఇంటి లోపల సయితము అట్టి శ్రద్ధయే చూపిరి. 1998లో 55 ఏండ్లు నిండినవారికై చిన్న ఇండ్లు ఏర్పరచి, ఆపదలో ఇతరులను పిలుచుటకు గంట అమర్చిరి. 2012 మొదలు స్నానపు గదిలో పట్టుకమ్ములు, జారని నేల, గడపయొద్ద ఏటవాలు బాట స్వల్ప వెలకు వేయించుచున్నారు. ఒకసారి జారిపడిన ముదుసలి తిరిగి లేవకపోవచ్చునని ఎరిగినవారికి ఈ చిన్న కమ్మి విలువ తెలియును.

1988వ సంవత్సరపు చట్టము క్రింద పట్టణ సభలు మెట్లను, దీపములను, లిఫ్టులను చక్కబెట్టుచున్నవి. అందుకై కాపురస్థులు నెలనెలా రుసుము చెల్లింతురు.

ఈ ఏర్పాటు లోపము లేనిది కాదు. కౌలు తీరిన ఇంటికి విలువ యుండదు. సౌకర్యములును ముఖ్యముగా ఆ దేశ పౌరులకే. అయినను తోట కుటుంబములకు ఇందు మూడు పాఠములు కలవు. మొదటిది, వృద్ధాప్యపు ఇంటిని గూర్చి బలమున్న దినముననే యోచింపవలెను. మలేషియా భవిష్యనిధి నుండి ఇంటికై సొమ్ము తీయుటకు నియమములు కలవు గనుక, ఖాతాలో ఎంత యున్నదో కుటుంబమంతయు తెలిసికొనవలెను. రెండవది, కప్పు కారినను, నీరు రాకపోయినను నోటితో చెప్పి ఊరకుండక, వ్రాసి యిచ్చి నకలు భద్రపరచుకొనవలెను. మూడవది, లైనులో ముసలివారును అంగహీనులును ఎందరున్నారో అందరును కలిసి లెక్క వ్రాసి, వారి అవసరములను ముందుగా అడుగవలెను. గడపకు ఒక కమ్మి వేయించుటకు చట్టము మారువరకు కాచుకొననక్కర లేదు. నలుగురు కలిసిన ఒక ఆదివారపు పని.