బొక్కెనను పూలగుత్తిగా మార్చిన ఇల్లాలు

ఆంగ్లమున 'బకెట్' అనగా బొక్కెన. ఇది మన యిండ్లలో అందరెరిగిన మాటయే. 'బూకే' అనగా పూలగుత్తి. వ్రాతలో ఈ రెంటికిని కొంత పోలిక కలదు. రెండవది ఫ్రెంచిభాషనుండి వచ్చినది గనుక దాని తుది టకారము వ్రాయబడునే కాని పలుకబడదు. ఈ స్వల్పభేదమును పట్టుకొని రాయ్ క్లార్క్ అను ఆంగ్లరచయిత యొక హాస్యనాటకమాలను అల్లెను. దాని పేరు 'కీపింగ్ అప్ అపియరెన్సెస్'. పైమెరుగు చెడకుండ కాపాడుకొనుట యని తెలుగున చెప్పవచ్చును. బి.బి.సి. సంస్థ దీనిని 1990 మొదలు 1995 వరకు 5 విడతలలో, 44 భాగములుగా టెలివిజనులో ప్రసారము చేసినది.

కథానాయిక పేరు హయసింత్. భర్త రిచర్డ్ స్థానిక ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగి, సాధువు. ఆయన యింటిపేరు బకెట్. ఆ పేరు పెండ్లితో తనకు సంక్రమించుట ఆమె సహింపజాలకపోయెను. అక్షరములను మార్చలేదు, ఉచ్చారణ మాత్రము మార్చినది. టపా తెచ్చువాడు గాని, పాలు పోయువాడు గాని 'బకెట్' అన్నచో వెంటనే 'బూకే' అని దిద్దును. టెలిఫోను మ్రోగినచో ఇది బూకేవారి గృహమనియు, మాటలాడుచున్నది గృహిణి యనియు రాణివలె ప్రకటించును. తరచుగా అవతలివారు చీనా భోజనశాలకై పిలిచి పొరపాటున ఈమెకు తగిలినవారై యుందురు! పొరుగింటి ఎలిజబెత్‌కు ఈమె యిచ్చు కాఫీ యనిన హడలు. ఖరీదైన పింగాణి కప్పు చేతబట్టగనే ఆమె చేయి వణకును, కాఫీ యొలుకును.

పూలగుత్తియే ఏల కావలెను? ఫ్రెంచి వాసన తగిలిన మాట గొప్పదను భావము ఆంగ్లేయులలో నేటిది కాదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట తరతరములు రాజులకును ప్రభువులకును ఫ్రెంచియే వాడుకభాష. అందుచే కొట్టములోని ఆవుకు ఆంగ్లపదమును, పళ్ళెములోని దాని మాంసమునకు ఫ్రెంచిపదమును నిలిచినవి. వింత యేమన, పాపము హయసింత్ సిగ్గుపడిన 'బకెట్' కూడ నార్మనుల ఫ్రెంచినుండి వచ్చినదే యని నిఘంటుకారులు చెప్పుదురు.

మరియొక విశేషము. హయసింత్ అనుటయే ఒక పువ్వు పేరు. ఆమె తోబుట్టువులు డెయిజీ, రోజ్, వయొలెట్ కూడ పువ్వులే. వయొలెట్ ధనికురాలు గనుక ఆమె కారును, ఈతకొలనును పదిమందిలో పేర్కొనుట కద్దు. డెయిజీ పేదది. ఆమె భర్త ఆన్‌స్లో చేతిలేని బనియనుతో పడకపై పడియుండును. వాకిట పాడుపడిన కారులో కుక్క కాపురము. ఆ యింటికి పోవుట ఎవరైన చూచెదరేమో యని హయసింత్‌కు భయము. అయినను మతిచలించిన ముసలితండ్రి అక్కడనే యున్నాడు. ఆయనకు ఏదైన జరిగినదని వినగనే సిగ్గును చంపుకొని భర్తతో పరుగెత్తును. ఈ యొక్క గుణముచేతనే కాబోలు ఆమెను మనము అసహ్యించుకొనజాలము. నాకైతే రిచర్డ్ పైకంటె ఆమెపైననే జాలి కలుగును.

ఈ పాత్రను ధరించినది పట్రీషియా రౌట్లెడ్జ్. ఆమె 1929లో బర్కెన్‌హెడ్‌లో పుట్టి, లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున చదివెను. 1968లో అమెరికాలో సంగీతనాటకమునకు టోనీ బహుమానము పొందిన గాయని యామె. అట్టి గాయని ఈ నాటకమున పొరుగువారు పారిపోవునట్లు పాడవలసివచ్చెను. చక్కగా పాడనేర్చినవారికే అట్లు పాడుట సాధ్యము. 2025 అక్టోబరులో, 96వ యేట, ఆమె దివంగతురాలైనది.

మన తెలుగువారి యింటిపేర్లలోను కత్తి, గంప, ఉప్పు, పప్పు వంటివి లేకపోలేదు. తమిళనాట బడిపట్టికలలో తండ్రిపేరి తొలియక్షరమే యుండును గనుక మా విద్యార్థులు పలువురు తమ యింటిపేరు ఎరుగరు. ఎరిగినవారు చెప్పుటకు నవ్వుదురు. వారిని మందలించుటకు నాకు నోరు రాదు. ఉపాధ్యాయశిక్షణకై నేను ఆంధ్రదేశమునకు పోయినప్పుడు మా హొసూరు యాసను విని తోడివారు నవ్విరి. నెల తిరుగకముందే 'ఆడ, ఈడ' లను విడిచి 'అక్కడ, ఇక్కడ' లను దీర్ఘముగా సాగదీయ నేర్చితిని. వసతిగృహమున ఒక్కటే టెలిఫోను, చుట్టును మిత్రులు. ఒకనాడు మా అమ్మ ఊరి అంగడినుండి పిలువగా ఆ కొత్త గొంతుతోనే కుశలమడిగితిని. అవతల కొంతసేపు నిశ్శబ్దము. పిమ్మట ఆమె మర్యాదగా, "అయ్యా, మీరెవరో గాని, మావాణ్ణి రవంత పిలవండి" అన్నది.

"నేనేమ్మా, ఈడ్నే ఉండా" అంటిని. మిత్రులు నవ్విరో లేదో ఇప్పుడు జ్ఞప్తికి రాదు.