ముందు ‘డుమేలా’, తర్వాతే బేరం

గాబరోన్‌లో దిగిన రెండో రోజు బ్రెడ్డు కోసం కొట్టుకెళ్లి, నేరుగా “ఎంత?” అన్నాను. కౌంటర్ దగ్గరి ఆవిడ నన్ను తేరిపార చూసి, నింపాదిగా “డుమేలా, ర్రా” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. బోట్స్వానాలో పలకరింపు లేకుండా పని మొదలుపెట్టడమంటే ఎదుటి మనిషిని మనిషిగా చూడకపోవడమే.

మగవాళ్లయితే “డుమేలా, ర్రా”, ఆడవాళ్లయితే “డుమేలా, మ్మా”. మన “అయ్యా, అమ్మా” లాంటివే. నలుగురుంటే “డుమేలాంగ్”. తర్వాత “ఓ కాయె?” అంటారు. మాటకు మాట చెప్పాలంటే “ఎక్కడున్నావు?” అని! జవాబు “కే తెంగ్”, అంటే “ఇక్కడే ఉన్నాను”. బాగోగులు అడగడానికి ఇంతకన్నా అందమైన మాట నేను వినలేదు.

డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. ఎడమచేత్తో కుడి మోచేతిని తాకితే ఇంకా మర్యాద. కరచాలనానికీ అంతే. ఎవరింటికైనా వెళితే గేటు బయటే నిలబడి “కో కో!” అని పిలవాలి. నేరుగా లోపలికి వెళ్లకూడదు.

థాంక్స్‌కు “కే ఆ లెబోహా”. ఆ ‘హ’ గొంతులోంచి గరగరలాడాలి. నాకింకా సరిగా రాదు.

వాళ్ల డబ్బు పేరు ‘పూలా’. అంటే వాన. 1976లో దక్షిణాఫ్రికా రాండ్ స్థానంలో వచ్చింది. సభల్లో జేజేలు కొట్టేదీ “పూలా!” అనే. అనంతపురం వాణ్ణి, వానను డబ్బనడం నాకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

వెళ్లేవాళ్లకు “త్సమాయా సెంట్లే”, ఉండిపోయేవాళ్లకు “సాలా సెంట్లే”. మీరు వెళ్తే ఇవన్నీ గుర్తుండకపోయినా, డుమేలా ఒక్కటి మరిచిపోకండి.