మన పక్క ఊరాయనే... మన పిల్లలకు తెలియదు!

మన గద్వాల, వనపర్తి హైస్కూలు పిల్లల్ని అమెరికా అధ్యక్షుడెవరని అడగండి, ఠక్కున చెబుతారు. సురవరం ప్రతాపరెడ్డి ఎవరంటే తెల్లముఖమే! 1896లో ఆయన పుట్టిన బోరవెల్లి గద్వాల జిల్లాలోదే. 1952లో ఎమ్మెల్యేగా గెలిచింది వనపర్తి నుంచి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మందితో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేసి జవాబిచ్చారు.

నాగర్‌కర్నూల్‌లో పదో తరగతి చదివే మా చెల్లెలి కూతురైతే "పరీక్షలో వస్తుందా పెద్దమ్మా?" అంది. మార్కులు రాని సంగతులు ఇంట్లో మనమైనా చెబుతున్నామా?

ఆయన కన్నుమూశాక, 1955లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో మొదటిది అదే. అందులో రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆటపాటలే ఎక్కువ. వెనకటి ఆడవాళ్ల నగల పేర్లు చదివి వినిపిస్తుంటే ఆ పిల్ల పుస్తకం లాక్కుంది.