బొంత కుట్టడం నేర్చుకుందాం, బీరువాలో నూలు చీరలు ఉండగానే

ఇవాళ్టి ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త యాప్ లేదు. ఒక సూది, ఒక దారపు ఉండ, రెండు పాత చీరలు, అంతే. టాపిక్ ఏంటంటే, బొంత.

మనలో చాలామంది చిన్నప్పుడు బొంత మీద పడుకున్నవాళ్ళమే. కానీ ఎలా కుడతారు అని ఎవరైనా అడిగితే "పాత చీరలు కలిపి కుట్టేస్తారు" అని ఊరుకుంటాం. అసలు పని ఆ "కుట్టేస్తారు"లోనే ఉంది.

ముందు, బొంత ఎందుకు వెచ్చగా ఉంటుంది? ఒక్క చీర కప్పుకుంటే చలి ఆగదు. అదే చీరని మడతలు వేస్తే పొరల మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలకుండా ఉండిపోయిన ఆ గాలే మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. మరి అన్ని కుట్లు ఎందుకు? ఉతికినప్పుడు పొరలు జారి ఒక మూలకి ఉండ చుట్టుకోకుండా. అంటే కుట్లు అందం కోసం మాత్రమే కాదు, బొంత ప్రాణం వాటిలోనే ఉంది.

ఇది మన ఒక్కరి విద్యా కాదు. మహారాష్ట్రలో దీన్ని గోధడి అంటారు, బెంగాల్‌లో కాంథా. కాంథాకి ఒకప్పుడు దారం కూడా కొనేవాళ్ళు కాదు, పాత చీర అంచు నుంచే రంగు పోగులు లాగి వాడేవాళ్ళు. కర్ణాటకలో సిద్దీ మహిళలు కుట్టే కవంది ఇంకో పద్ధతి. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమధ్యకి వస్తారు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు. దాన్ని మూడు మడతలు వేస్తే 1.8 మీటర్లు, అంటే దాదాపు 6 అడుగులు. వెడల్పు మూడున్నర అడుగుల పైచిలుకు. సరిగ్గా ఒక మనిషి పడుకునే సైజు! ఒక చీరతో మూడు పొరల పల్చటి బొంత వస్తుంది, రెండు చీరలైతే ఆరు పొరలు. మొదటిసారి కుట్టేవాళ్ళు ఒక్క చీరతోనే మొదలుపెట్టండి, సూది తేలిగ్గా దిగుతుంది.

ముందు చీర ఉతికి, ఫాల్ విప్పేయండి. జరీ అంచు ఉంటే కత్తిరించేయండి, ఒంటికి గీసుకుంటుంది. నేల మీద పరిచి ముడతలు లేకుండా చేత్తో సాపు చేయండి. తర్వాత తీసేయడానికి వీలుగా, మధ్య నుంచి అంచులవైపు పెద్ద పెద్ద కుట్లు వేయండి. ఇవి పొరల్ని కదలనివ్వవు. అంచులు లోపలికి మడిచి కుట్టాక, వేలెడు ఎడంతో వరస తర్వాత వరస నడవండి. దారం రెండు మూరలకి మించి తీసుకోవద్దు, చిక్కు పడుతుంది. రోజుకి అరగంట కూర్చుంటే నాకు ఒక బొంతకి దాదాపు 40 రోజులు పడుతుంది. ఒక మండలం దీక్ష అనుకోండి!

ఏ చీర పడితే ఆ చీర పనికిరాదు. బొంతకి నూలు కావాలి. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు చెమట పీల్చుకుంటుంది, పాలిస్టర్ అంత పీల్చదు. అనుమానంగా ఉంటే ఒక పోగు లాగి, సింక్ దగ్గర జాగ్రత్తగా కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా అవుతుంది.

అసలు నేను ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఇదే. మా ఇంట్లో అమ్మమ్మ చీరలన్నీ నూలువే. అమ్మవి సగం సగం. నా తరానికి వచ్చేసరికి వెతుక్కోవాలి. బొంతకి రెండు కావాలి: మెత్తబడ్డ నూలు, కుట్టడం తెలిసిన చేయి. మా ఇంట్లో ఆ రెండూ అమ్మమ్మ దగ్గరే ఉన్నాయి. ఆవిడకిప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనడం లేదు. దారం నేను ఎక్కిస్తాను, వరస వంకర పోతే ఆవిడ వేలితో తడిమి చెప్పేస్తుంది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ఆవిడకి ఇది హాబీ కాదు. దుప్పటి కొనే స్తోమత లేక, ఇంటి పనంతా అయ్యాక కుట్టింది. మనకి అదే పని సరదాగా దొరుకుతోంది. ఆ తేడా గుర్తుంచుకుని కూర్చుందాం. అబ్బాయిలూ, మీరు కూడా. సూదికి ఆడా మగా తేడా తెలియదు.

ఇందులో సుఖం ఎక్కడుందంటారా? ఫోన్ మన కళ్ళనీ చేతుల్నీ రెండింటినీ పట్టేసుకుంటుంది. బొంత చేతుల్ని బాగా వాడుకుంటుంది, కళ్ళని కొంచెం, చెవుల్ని అసలు అడగదు. మల్లెపూలు మాల కట్టడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, మేడ మీద వడియాలు పెట్టడం, ఇవన్నీ ఆ జాతి పనులే. చేతులు నడుస్తుంటాయి, కబుర్లు సాగుతుంటాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని సంగతులు, అమ్మమ్మ ఆ వరసల మధ్యే చెప్తుంది. ఈ చీర ఏ పండక్కి కొన్నారో, ఆ ఏడు పంట ఎలా ఉందో.

కాబట్టి ఈ ఆదివారం బీరువా తెరిచి, చిరుగుపట్టిన నూలు చీర ఒకటి అడిగి తీసుకోండి. "నేర్పించవా?" అని కూడా అడగండి. రెండో ప్రశ్నే ముఖ్యం. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!