సారు నేర్పిన హయాతీ దాఖలా

మన విడీ ఘర్కుల్‌లో పోయిన వారం ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ సారుకు శాలువ కప్పి, కొబ్బరికాయ ఇచ్చినం. పేరు రాయొద్దన్నరు, రాస్తలేను.

మిల్లుల్ల, విడీ కార్ఖానల్ల పీఎఫ్ కట్టి ఈపీఎస్-95 పెన్షన్ తీసుకునేటోళ్లు ఏటా హయాతీ దాఖలా ఇయ్యాలె. లేకుంటే పెన్షన్ ఆగుతది. కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 రూపాయలే. అదీ ఆగితే మందులు బందే.

2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలు పెడితే చాలన్నరు. కానీ ఏండ్లకేండ్లు నూలు ముడులేసిన, విడీలు చుట్టిన వేళ్ల మీద గీతలేడున్నయ్? నా బొటనవేలును మిషన్ నాలుగుసార్లు కాదన్నది.

ఇప్పుడు ఫోన్ కెమెరాకు ముఖం చూపినా నడుస్తది. సారు నేర్పేది అదే. ఆధార్, పీపీఓ నంబర్, బ్యాంకు పాస్‌బుక్, మొబైల్ తీసుకపోవాలె. వెలుతురు ముఖం మీద పడేటట్టు కూసోవాలె. కానీ సారు ఫోన్ ముట్టరు, మనతోనే నొక్కిస్తరు. రెండు నిమిషాల్ల చేసియ్యొచ్చు గదా అని నాకు మొదట కోపమొచ్చింది. "ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దు, నాకు సుత" అన్నరు. అప్పుడు సమజైంది.

ఈపీఎస్ వాళ్లు నవంబర్ దాకా ఆగే పనిలేదు. దాఖలా ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతది.