చేతిలో ఫోను, మనసులో వాక్యము



ఒక సాయంత్రం, మరునాడు ఆపరేషన్‌కు వెళ్ళవలసిన ఒక తల్లి "ఇరవై మూడో కీర్తన చదవండమ్మా" అని అడిగారు. మాలో ఒకరు ఫోనులోని బైబిలు తెరిచారు. రెండు వచనాలు చదివేసరికి వాట్సాప్ మెసేజీ వచ్చింది. చూపు అటు పోయింది. తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపామో గుర్తు లేదు. ఆ తల్లి ఏమీ అనలేదు. కళ్ళు మూసుకొని, మిగిలిన వచనాలు తానే చెప్పుకున్నారు. కంఠతా వచ్చినా, భయం వేసిన వేళ మరొకరి నోట వినాలనుకున్నారు. మేము సిగ్గుపడ్డాము.

ఫోను చెడ్డదని మేము అనము. చూపు మందగించినవారు అక్షరాలు పెద్దవి చేసి చదువుకుంటున్నారు, చదువు రానివారు ఆడియో బైబిలు వింటున్నారు. కాని వాక్యం వచ్చే దారినే వంద కబుర్లు కూడా వస్తున్నాయి.

మొదటి కీర్తనలో ధ్యానానికి వాడిన హెబ్రీ మాట 'హాగా'. చిన్న స్వరంతో మళ్ళీ మళ్ళీ పలకడం అని దాని భావం. యెషయా 31వ అధ్యాయంలో వేటపై సింహం గుర్రుమనడానికీ అదే మాట. అంటే ధ్యానం మనసును ఖాళీ చేయడం కాదు, వాక్యాన్ని వదలకుండా పట్టుకోవడం. 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గీగో, చదవడం అన్నాన్ని నోట పెట్టుకోవడమనీ, ధ్యానించడం దాన్ని నమలడమనీ పోల్చాడు. నమలనిది ఒంటికి పట్టదు కదా!

దేహానికీ ఇది మేలే. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధనలో 23 మంది జపమాల ప్రార్థన చెబుతుండగా, వారి శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు నెమ్మదించింది. రక్తపోటును సరిచేసుకునే శరీర స్పందన మెరుగైంది. అయితే ధ్యానం మందులకు బదులు కాదు. బీపీ, షుగరు మాత్రలు మానకండి.

ఇంట్లో, వార్డులో ఇలా చేసి చూడండి:

1. రోజూ ఒకే వేళ పది నిమిషాలు కేటాయించండి. ఫోను వేరే గదిలో పెట్టండి. రోగి దగ్గర ఉన్నవారు నెట్ ఆపి, కాల్స్ మాత్రం ఉంచుకోండి.

2. నాలుగైదు వచనాలు చాలు. నెమ్మదిగా, పైకి మూడుసార్లు చదవండి.

3. మనసును తాకిన ఒక్క మాటను ఊపిరి తీస్తూ, వదులుతూ చెప్పుకోండి. మనసు పక్కకు పోతే నొచ్చుకోక మళ్ళీ ఆ మాటకే రండి.

4. ఆ మాటనే ప్రార్థనగా మార్చండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఇంటివారితో పంచుకోండి.

మరునాడు ఉదయం ఆ తల్లిని థియేటరుకు తీసుకువెళ్ళకముందే మేము ఆమె మంచం దగ్గరకు వెళ్ళాము. ఈసారి ఫోను కాదు, పుస్తకమే తెరిచాము. ఆరు వచనాలూ ఆగకుండా చదివాము. ఆమె పెదవులు మాతో కలిసి కదిలాయి.

అట్టి నెమ్మదిని ప్రభువు మీ ఇంటికిని అనుగ్రహించును గాక.