పిలుపే అద్దము

కొన్ని సంవత్సరముల క్రితము మేము అమలాపురం దగ్గర ఒక గ్రామములో సండేస్కూలు నడిపేవారము. పదేళ్ల కుర్రవాడొకడు కంఠతా వాక్యము అప్పగించలేక ప్రతి వారమూ తడబడేవాడు. ఒకరోజు మేము నవ్వుతూనే వానిని "మొద్దబ్బాయ్" అన్నాము. పిల్లలు ఆ పేరు పట్టుకున్నారు. మరి కొన్నాళ్లకు సాయంకాలము కొబ్బరిచెట్ల క్రింద పిల్లలు బడి ఆట ఆడుకొంటూ ఉండగా మేము ఆ దారిన వెళ్లాము. ఎవరెక్కడ కూర్చోవాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రవాడు తనంతట తానే, "నేను మొద్దబ్బాయిని గదా, వెనక కూర్చుంటాను" అని వెళ్లి కూర్చున్నాడు.

ఆ పేరు పెట్టినది మేమే. ఆ మాట ఈనాటికీ మమ్మును గుచ్చుతూనే ఉన్నది.

అమెరికా దేశస్థుడైన చార్లెస్ హోర్టన్ కూలీ అను పండితుడు 1902లో ప్రచురించిన గ్రంథములో ఈ సంగతినే వివరించాడు. మనిషి తన్ను తాను చూచుకొనే అద్దము ఎదుటివారే. వారికి నేనెలా కనబడుతున్నాను, నన్ను గురించి ఏమనుకొంటున్నారు అని ఊహించుకొని, దానిని బట్టి గర్వమో సిగ్గో పొందుతాము.

చికాగో విశ్వవిద్యాలయములో బోధించిన జార్జ్ హెర్బర్ట్ మీడ్ దీనిని ఇంకా లోతుగా ఆలోచించాడు. ఈయన ఒక పాదిరిగారి కుమారుడు. 1931లో ఆయన మరణించిన తరువాత, ఆయన పాఠములను శిష్యులు సమకూర్చి 1934లో పుస్తకముగా తెచ్చారు. పసిపిల్ల అమ్మ ఆట ఆడేటప్పుడు అమ్మ స్థానములో నిలిచి తన్ను తాను చూచుకొంటుంది. కొంచెము పెద్దయ్యాక జట్టు ఆటలు వస్తాయి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఎదుటి జట్టులో ఎవరెటు కదులుతారో అందరినీ మనస్సులో ఉంచుకోవాలి గదా! అలాగే క్రమేణా ఊరందరి చూపు పిల్లవాని మనస్సులో కాపురముంటుంది. మాటలు, సైగలు, పేర్లు అనే గుర్తుల ద్వారానే మనిషి తయారవుతాడని చెప్పే ఈ ఆలోచనకు ఆయన శిష్యుడు హెర్బర్ట్ బ్లూమర్ 1937లో ఒక శాస్త్రీయ నామము కూడ పెట్టాడు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన కోనసీమవారు మాటమాటకూ "ఆయ్", "అండి" అంటారని బయటివారు ముచ్చటపడతారు. అయితే ఆ "అండి" అందరికీ దక్కినదా? తల నెరసిన పాలేరును ఆసామిగారింటి పసివారు కూడ "ఒరే" అని పిలిచిన రోజులను మన తాతలు చూచారు. జీవితమంతా ఆ ఒక్క పిలుపే విన్నవాడు తన్ను గురించి ఏమనుకొంటాడు?

అయినను మనిషి ఉత్త మట్టిముద్ద కాడు. లోకము చూపిన రూపమునకు జవాబు చెప్పే "నేను" కూడ మనలో ఉన్నదని మీడ్ అన్నాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ అటువంటి జవాబే. "పంచములు" అను పేరు మాకు వద్దు, మేము ఆది ఆంధ్రులము అని ఆ సభ తీర్మానించింది. ఆ పేరు తామే పెట్టుకున్నారు, అదీ పదిమందీ కలిసి.

మన మామిడికుదురులో 1911లో జన్మించిన కవి బోయి భీమన్న "పాలేరు" అను నాటకము వ్రాశారు. పాలేరు కుర్రవాడు చదువుకొని అధికారి కావడము దాని కథ. ఆ నాటకము ఎన్నో ఊళ్లలో ఆడారు. తనవంటివాడు కుర్చీలో కూర్చోగా చూచినవానికి కొత్త అద్దము దొరికినట్లే గదా!

నేడు మన ఇండ్లలో ఏ అద్దము పెడుతున్నాము? రాజోలు, అమలాపురం ప్రాంతములనుండి ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్ వంటి దేశములకు వెళ్లారు. బిడ్డలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. అల్లరి చేసినప్పుడు "మీ అమ్మే నిన్ను వదిలేసిపోయింది" అని కసరుకొంటే, ఆ బిడ్డ తాను వదిలివేయబడినదానినని నమ్ముతుంది. "మీ అమ్మ నీ కోసమే అంత దూరములో కష్టపడుతున్నది" అంటే, తాను ప్రేమింపబడుతున్నానని నమ్ముతుంది. తల్లి పంపే డబ్బు ఒక్కటే, ఇంట్లో మాట వేరు.

ప్రభువు సీమోనునకు "పేతురు", అనగా రాయి, అని పేరు పెట్టిన నాటికి అతడు ఇంకా స్థిరుడు కాలేదు. పేరు ముందు వచ్చింది, స్థిరత్వము తరువాత వచ్చింది.

మరుసటి ఆదివారము మేము పిల్లలందరి ఎదుట ఆ కుర్రవానిని క్షమాపణ అడిగాము. హాజరుపట్టీ వాని చేతికిచ్చి, ప్రతి వారమూ అందరి పేర్లు పిలిచే పని అప్పగించాము. వెంటనే ఏమీ మారలేదు. మొదట్లో గొంతే పెగలలేదు. చాలా వారములు గడిచాక ఒకనాడు పట్టీ మూసి, ఎవరూ అడగకుండానే ముందు వరుసలో కూర్చున్నాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ రాత్రి అన్నము వడ్డించేటప్పుడు మీ బిడ్డను ఏమని పిలుస్తారో ఒక్క క్షణము ఆలోచించండి.